తినకముందే టిప్పు

హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచిన రోజుల్లో మాకొక టీమ్ లీడరుండేవాడు. గోదావరి జిల్లా మనిషి. మధ్యాహ్నం మమ్మల్నందరినీ కొత్తగూడలోని భోజన హోటలుకు తీసుకెళ్ళేవాడు. టిప్పు ఎంత పెట్టాలన్నది మాకు రోజూ పెద్ద తగాదా. సోంపు పళ్ళెంలో రెండు రూపాయలు చాలని ఒకడు, ఐదైనా ఉండాలని ఇంకొకడు. ఆయనకు ఆ గొడవే లేదు. విస్తరి వేయకముందే సర్వర్ని పిలిచి, పదిరూపాయల నోటు మడిచి అతని చొక్కా జేబులో పెట్టేవాడు.

“తిన్నాక ఇస్తే అది లెక్కండీ. తినకముందు ఇస్తే పలకరింపు,” అనేవాడు.

ఆ పలకరింపు ఫలితం ఆయన విస్తట్లో కనిపించేది. మెదక్ నుంచి వచ్చిన ఆ సర్వరు, తీసుకున్న నోటుకు న్యాయం చేసి తీరాలనుకునే మనిషి. పప్పు మీద పప్పు, దానిమీద నెయ్యి. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోసేవాడు. తర్వాత మీటింగులో మా లీడరు కళ్ళు తెరిచే నిద్రపోయేవాడు.

ఒక నెలాఖరున ఆయన అజీర్తితో పొట్ట పట్టుకుని వచ్చాడు. సర్వరు కనబడగానే తన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“ఇవాళ టిప్పు ఇవ్వనండీ. కాస్త మజ్జిగన్నం చాలండీ.”

సర్వరు ఆయన్ను జాలిగా చూశాడు. చేతిలో డబ్బులాడటం లేదనుకున్నాడు.

“పైసల ఫికర్ ఎందుకు సార్? నేనేమన్న పరాయోన్నా? కూసోండ్రి,” అంటూ నేతిగిన్నె మొత్తం వంచేశాడు.

ఆ పలకరింపును కాదనలేక, ఆ రోజు మా లీడరు ఒక్క మెతుకు మిగల్చలేదు.