బొట్టు పెట్టిన పెట్టెలు

తవిటయ్య జమ్‌షెడ్‌పూర్‌కు వచ్చింది ఇనుము మోయడానికి. నడుము దెబ్బతిన్న తరువాత, టెల్కో కాలనీ దాపున ఒక కాంట్రాక్టు సంస్థవారు తమ కార్యాలయంలోని ప్రింటర్ల గదిని అతనికి అప్పగించారు. కాగితాలు సర్దడం, సిరా అయిపోయిన కార్ట్రిడ్జ్ తీసి కొత్తది బిగించడం అతని పని. దీపపు కుందులు తుడిచే అర్చకుని శ్రద్ధతో ఆ పని చేసేవాడు.

రెండువేల నాలుగులో మేనేజరు భీమశంకర్ గారు అతన్ని పిలిచి, ఖాళీ కార్ట్రిడ్జ్‌లను ఇకపై చెత్తలో వేయవద్దన్నారు. ఖాళీ అన్నది పేరుకే గాని, అడుగున సిరా మిగిలే ఉంటుందనీ, అది నేలలో నీటిలో కలవరాదనీ, పోగుచేసి ఉంచితే కలకత్తా నుంచి బండి వచ్చి తీసుకుపోతుందనీ, అక్కడ శుభ్రపరచి మళ్లీ నింపుతారనీ వివరించారు.

ఆ మాట తవిటయ్యకు మంత్రోపదేశంలా పట్టుకుంది. కారణం అతని ఇంట్లోనే ఉంది. భార్య పైడితల్లి కార్తికమాసమంతా దోముహానీలో, ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసేచోట, స్నానం చేసి దీపం విడిచేది. కార్యాలయపు చెత్తబండి కుమ్మరించేది ఆ ఒడ్డుకు ఎగువనే. తవిటయ్య స్వయంగా చూశాడు.

నాటినుంచి ప్రతి కార్ట్రిడ్జ్ మూతికీ టేపు అంటించి, పాత కాగితంలో చుట్టి, అట్టపెట్టెల్లో పేర్చసాగాడు. ఏడాది తిరిగేసరికి గది మూల నిండిపోయింది. విశ్వకర్మ పూజ వెళ్లిన వారంలో బండి వస్తుందని కబురందింది.

ఆ ఊళ్లో విశ్వకర్మ పూజనాడు పనిముట్టు ప్రతిదీ దైవమే. తవిటయ్య తలస్నానం చేసి వచ్చి ప్రింటర్లకు పసుపు కుంకుమలు పెట్టాడు. ఇన్నాళ్లు తనకు అన్నం పెట్టి అలసినవాటిని మరువరాదనుకొని, మూలనున్న అట్టపెట్టెలకు కూడా బొట్లు పెట్టి, ఒక్కొక్కదానిపై బంతిపువ్వు ఉంచాడు.

మరునాడు కార్యాలయంలో నిలిపిన విశ్వకర్మ విగ్రహానికి నిమజ్జనం. తవిటయ్య లారీలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనుక విగ్రహంతోపాటు ఏమేమి ఎక్కించారో చూడలేదు. దోముహానీలో దిగి వెనుకకు వచ్చేసరికి అతని పెట్టెలు ఒక్కొక్కటే నీటిలో బోర్లపడుతున్నాయి. చివరి పెట్టె, కార్యాలయంలో నక్షాలు గీసే ప్రవీణ్ చేతుల్లో ఉంది. తవిటయ్య నీటిలోకి పరుగున పోయి దాన్ని పట్టుకున్నాడు.

"ఏటి సేత్తన్నార్రా? ఇవి బండోడికి ఇవ్వాల."

"అరే మావా, భగవాన్ కా సామాన్ హై, దేవుడి సొత్తు," అని ప్రవీణ్ నవ్వి, పెట్టె మీది కుంకుమను చూపాడు. "ఈ బొట్టు ఎవలెట్టినారు? నువ్వే కదా. పూజ సేసినదాన్ని మల్లా తుక్కోడికి ఇత్తావేటి?"

మావకు ఇంకా ఆ పెట్టెల మీద మోజు తీరలేదని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

నీటిలో ఉమ్మిచుక్క కూడా పడరాదని పెద్దలు విధించారు. పూజాశేషాన్ని నీటిలోనే విడువమనీ వారే విధించారు. ఆ రెండు విధుల నడుమ, మోకాటిలోతు నీటిలో నిలబడిన తవిటయ్య పట్టు సడలింది. ప్రవీణ్ ఆ పెట్టెను భక్తితో కళ్లకద్దుకొని ప్రవాహంలోకి వదిలాడు. తడిసిన టేపులు ఊడి, మొదట నీలం, పిదప నలుపు సన్నని జడల్లా విచ్చుకొని దిగువకు సాగాయి.

అందరూ వెళ్లాక తవిటయ్య నడుములోతున దిగి దేవులాడాడు. దొరికినవి ఏ నాలుగైదో. తరువాతి వారం వచ్చిన బండివాడు వాటిని ఆడించి చూసి, ఇసుక చేరినవి నింపడానికి పనికిరావని తిరిగి ఇచ్చేశాడు. పోనిమ్మని, మళ్లీ పోగుచేద్దామని భీమశంకర్ గారు ఓదార్చారు. తవిటయ్య తలూపి, ఆ ఇసుక కార్ట్రిడ్జ్‌లను తుడిచి అదే మూల పెట్టాడు. ఇంట్లో మాత్రం ఏమీ చెప్పలేదు.

కార్తికం వచ్చింది. తొలినాడు పైడితల్లి వత్తులు నేతిలో తడుపుతూ, "ఏటలా కూకున్నావు? రావేటి?" అంది. దీపపు పళ్లెం పట్టుకొని ఆమె వెంట నడిచాడు.

నీరు ఎప్పటిలాగే ఉంది. ఆమె మునిగి లేచి, దోసిట నీరు పట్టింది. వద్దనాలని తవిటయ్య నోరు తెరిచాడు. ఏ నోటితో వద్దనగలడు? ఆమె ఆ నీరు పుచ్చుకొని, మిగిలినది భర్త నెత్తిన చల్లింది. అతను కళ్లు మూసుకొని తల వంచాడు.