మా వదిన మడమ

మా వదినను పనిలోంచి సాగనంపడానికి ముగ్గురు కంకణం కట్టుకున్నారు. మేనేజరు, కంపెనీ డాక్టరు, ఆమె ఎడమ మడమ. నేనిదంతా ఆమె మీద ప్రేమ పొంగిపోయి చెబుతున్నానని అనుకునేరు. నేను ఆమెకు ఆడపడుచుని. మా ఇద్దరికీ ఇరవై ఆరేళ్ళుగా ఉప్పూ నిప్పూ. అయినా న్యాయం న్యాయమే కాబట్టి చెబుతున్నాను.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తాం మేమిద్దరం. ఉతికే హాలు కింద, ఆరబెట్టే హాలు పైన. మధ్యలో సిమెంటు వాలు. తడి దుప్పట్లు నింపిన ట్రాలీ ఇద్దరు మనుషులంత బరువుంటుంది. దాన్ని ఆ వాలు మీదుగా పైకి తొయ్యడం వదిన పని. తోస్తున్నంతసేపూ దారికి అడ్డొచ్చిన వాళ్ళని తిడుతుంది. ఎవరూ అడ్డు రాకపోతే నన్ను తిడుతుంది.

యాభై ఎనిమిదో ఏట మడమ వెనక నొప్పి మొదలైంది. పొద్దున్నే మంచం దిగి గోడ పట్టుకుని నడిచేది. కంపెనీ డాక్టరు రెండు వేళ్ళతో నొక్కి చూసి తేల్చేశాడు.

"ఈ నరం అరిగిపోయిందమ్మా. వయసు కూడా వచ్చింది కదా, ఇక కూర్చుని చేసే పని చూసుకో."

మర్నాడే దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు మేనేజరు. ఆరు నెలల్లో మడత యంత్రం వస్తుందని వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు. యంత్రం వస్తే బల్ల ఉండదు, బల్ల లేకపోతే కుర్చీ ఉండదు. కుర్చీ ఇచ్చారంటే గేటు చూపించినట్టే. తప్పించుకోవడానికి ఒకటే దారి ఉందని కుర్చీతోపాటు చేతికిచ్చిన నోటీసులో రాశారు. పన్నెండు వారాల తర్వాత వచ్చే గురువారం, డాక్టరు ఎదుట, పది నిండు ట్రాలీలను మధ్యలో ఆగకుండా పైకి చేర్చాలి. వదిన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

కుర్చీలో మూడు వారాలు కూర్చునేసరికి ఆమెకు ముందే ఉన్న షుగరు ఇంకా పెరిగింది. అప్పుడు మా వీధి చివర క్లినిక్‌లో ఉండే ఫిజియో దగ్గరికి నేనే లాక్కుపోయాను. ఫిజియో అంటే ఎవరో పెద్దావిడ అనుకున్నాం. చూస్తే మా అన్నయ్య కూతురి ఈడు పిల్ల. మనిషి గుప్పెడు, గొంతు గంపెడు.

"నరం కాదమ్మా ఇది, స్నాయువు. పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టే తాడు. అరిగిపోవడానికి ఇదేం చెప్పు కాదు. దీని లోపల ప్రాణమున్న కణాలున్నాయి. బరువు పడితే ఆ లాగుడు వాటికి తెలుస్తుంది. తెలిశాకే కొత్త కొలాజెన్ పోగులు అల్లుతాయి. బరువే పడకపోతే ఎవరి కోసం అల్లుతాయి?"

"మరి ఆ డాక్టరు కూర్చోమన్నాడే," అంది వదిన.

"నొప్పి మండిపోతున్న నాలుగు రోజులంటే సరే. నెలలు కూర్చుంటే తాడు ఇంకా నీరసపడుతుంది. మీ షుగరు కూడా అందుకే పెరిగింది. కండరం గట్టిగా పనిచేస్తే కణం లోపల దాగున్న కొన్ని ప్రోటీన్లు పై పొరకి వచ్చి తలుపుల్లా నిలబడతాయి. ఇన్సులిన్ పిలవకపోయినా వస్తాయి. రక్తంలో చక్కెర వాటిగుండా లోపలికి పోతుంది. మీరు కుర్చీలో కూర్చుంటే అవీ లోపలే కూర్చుంటాయి."

వదిన నా వైపు తిరిగింది. "విన్నావా? ముప్పై ఏళ్ళు ఆ ట్రాలీలు తొయ్యడం వల్లే నా షుగరుని అదుపులో పెట్టుకున్నానన్నమాట. ఆ మేనేజరు మందు లాగేసుకుని కుర్చీ ఇచ్చాడు."

ఫిజియో చెప్పిన పని చూడటానికి చాలా చిన్నది. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడాలి. మూడు లెక్కపెడుతూ మడమలు పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి. వీపున సంచి, సంచిలో బరువు, ఆ బరువు వారం వారం పెరగాలి. మూడు రోజులకొకసారే చెయ్యాలి. ఈ చివరి మాట చిలక్కి చెప్పినట్టు చెప్పిందా పిల్ల. మా వదిన చెవిన పెడితేగా.

తప్పు ఆమెది ఒక్కదానిదే అనను. మా లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. రక్తపు మరక మొదటి ఉతుకులో పోకపోతే దుప్పటిని ఆరనివ్వకూడదు, తడిమీదే వెంటనే మళ్ళీ మెషీన్లో వెయ్యాలి. ఆరిందంటే మరక ఇక వదలదు. ముప్పై ఏళ్ళు ఈ పని చేసిన మనిషికి నొప్పి కూడా మరకలాగే కనిపించింది. పొద్దున చేసింది, నొప్పి పోలేదు, మధ్యాహ్నం మళ్ళీ చేసింది, సాయంత్రం మళ్ళీ. నేనూ అదే లాండ్రీ మనిషిని కాబట్టి, "ఇంకో విడత వేసెయ్ వదినా, వదిలిపోతుంది," అని పక్కన నిలబడి లెక్కపెట్టాను. పది రోజులకు మడమ వాచి చెప్పులో పట్టలేదు. వదిన మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకు తిండి సహించలేదు.

ఫిజియో తిట్టలేదు. కాగితం మీద ఒక గీత గీసింది, ముందు కిందికి దిగి, తర్వాత పైకి లేచే గీత.

"బరువు మోసిన వెంటనే కణాలు రెండు పనులూ మొదలుపెడతాయమ్మా. పాత కొలాజెన్ని విప్పడం, కొత్తది కట్టడం. సుమారు మొదటి రోజున్నర విప్పడానిదే పైచెయ్యి. ఆ తర్వాతే కట్టడం ముందుకొస్తుంది. మీరు రోజుకి మూడుసార్లు విప్పించారు. కట్టడానికి ఒక్క పూటైనా ఇచ్చారా? కండరం త్వరగా బలపడుతుంది, తాడు దానికంటే నెమ్మది. దాన్ని తొందరపెట్టలేం."

వదిన ఆ గీత దిగిన చోట వేలు పెట్టింది. "అంటే ఇది మరక కాదు. తడి దుప్పటి. ఆరకముందే మడత పెట్టానన్నమాట."

"సరిగ్గా చెప్పారు."

వాపు తగ్గాక మళ్ళీ మొదటి నుంచి. సంచిలో సబ్బుపొడి పాకెట్లు, మొదట రెండు, తర్వాత నాలుగు, చివరికి పధ్నాలుగు. సోమవారం, గురువారం, అంతే. మిగతా రోజుల్లో నేను "ఒక్కసారి చేస్తే ఏమవుతుంది?" అంటే ఒంటికాలి మీద లేచేది. షుగరు మెల్లగా దిగొచ్చింది. మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసింది.

పరీక్ష గురువారం. చివరి బరువు సోమవారం సాయంత్రం మోసింది. మంగళవారం పొద్దున్నే మేనేజరు మడత బల్ల దగ్గరికొచ్చాడు, వెనక డాక్టరు.

"గురువారం డాక్టరుగారికి వేరే పనుందట. ఇప్పుడే కానిచ్చేద్దాం. ట్రాలీలు నింపించాను."

"ఈ రోజు చెయ్యను," అంది వదిన. కుర్చీలోంచి లేవను కూడా లేదు.

"చెయ్యలేవా, చెయ్యవా?"

"చెయ్యను. నిన్న బరువు మోశాను. ఈ రోజు లోపల పాతది విప్పుతున్నారు. రేపు కడతారు. ఎల్లుండి వస్తాను."

మేనేజరు నవ్వాడు. "ఎవరు కడతారు? మేస్త్రీలా?"

చుట్టూ ఉన్న వాళ్ళంతా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంటకన్నా భయమే ఎక్కువ. వంగి ఆమె చెవిలో, "వదినా, పంతానికి పోకు. ఈ రోజు కాదంటే ఓడినట్టు రాసేస్తారు. ఎలాగోలా తోసెయ్," అన్నాను.

"ఎలాగోలా తోసే చెడగొట్టుకున్నాను," అని జాకెట్లోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పరిచింది. "గురువారం అని మీరే రాశారు, మీరే సంతకం పెట్టారు. నా మడమ గురువారానికి తయారవుతోంది. మీ తీరికని బట్టి తయారవ్వదు."

మేనేజరు మొహం మాడిపోయింది. డాక్టరు కాగితం చదివాడు, మడమ చూపించమన్నాడు. ఈసారి రెండు వేళ్ళతో కాదు, కూర్చుని, పాదం పట్టుకుని, నిదానంగా చూశాడు. వాపు లేదు, నొక్కినా వదిన కాలు లాక్కోలేదు. "గురువారమే వస్తాను," అన్నాడు.

గురువారం లాండ్రీ మొత్తం వాలుకి రెండువైపులా నిలబడింది. వదిన మొదటి ట్రాలీ తోసింది, రెండోది, మూడోది. పరుగెత్తలేదు. మెట్టు మీద లెక్కపెట్టినట్టే పెదాలు కదుపుతూ అడుగులేసింది. ఏడో ట్రాలీకి చెమట కళ్ళలోకి కారింది. ఎనిమిదో ట్రాలీ దగ్గర దారికి అడ్డంగా ఉన్న మేనేజరుని తిట్టింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. పదోదీ పైకి చేరింది.

మేనేజరు కింద ఇంకో నిండు ట్రాలీ చూపించాడు. "ఇంకొక్కటి తొయ్యగలవేమో చూద్దాం."

"తొయ్యగలను," అంది వదిన ఊపిరి పీల్చుకుంటూ. "తొయ్యను. కాగితంలో పదే ఉంది."

డాక్టరు సంతకం పెట్టాడు. వదిన నెమ్మదిగా వాలు దిగి మడత బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎర్ర కుర్చీని ఒక చేత్తో ఎత్తి, మేనేజరు గదిలో అతని బల్ల ముందు పెట్టి, తలుపు వేసి వచ్చింది. తర్వాత నా దగ్గరికొచ్చి రెండు వేళ్ళు చూపించింది. అంటే శుక్రవారం, శనివారం ఆమె సెలవు, నా పనితోపాటు ఆమె ట్రాలీలు కూడా నేనే తొయ్యాలి. నోరు మూసుకుని తోశాను.