ఊ అప్పన్న దిగని దీవి

వానాకాలంలో అట్టకార్డులకు ఒక ముక్కవాసన పడుతుంది. ఈ ఉదయం దీవుల నుంచి వచ్చిన కట్ట విప్పగానే ఆ వాసన గుప్పుమంది. ఊ అప్పన్న గుర్తొచ్చారు. ఒకప్పుడు ఆ కట్టలు మోయడానికి ఇద్దరం కావలసి వచ్చేది. ఇప్పుడొచ్చే నాలుగు కార్డులకు ఒక్క రబ్బరు బ్యాండు చాలు.

మయన్మార్ దక్షిణాన ఉన్న చిన్న దీవుల్లో విమానం దిగినవాళ్ళు నింపే కార్డులను దేశాలవారీగా విడదీసి లెక్క కట్టడం యాంగోన్‌లో మా ఆఫీసు పని. నాకు ఆ పని నేర్పింది ఆయనే. ఎప్పుడో ఆంధ్రా తీరం నుంచి ఓడెక్కి వచ్చి, ఈ ఊళ్ళోనే అహ్లోన్ పేట బియ్యం మిల్లులో మూటలు మోసిన కళాసీ మనవడు. పెద్దల పేరు ముందు బర్మీయులు చేర్చే 'ఊ'తో అందరికీ ఊ అప్పన్న, నాకు మాత్రం బాబాయ్. దేశం గడి ఖాళీగా ఉన్న కార్డును నేను బద్ధకించి 'ఇతరులు' అరలో పడేస్తే ఆయనకు ఒళ్ళు మండేది.

"ఏటే గుంటా, ఆ మనిసికి దేశం నేదా? ఓటేలుకి ఫోన్ సేసి కనుక్కో."

ఒక్క కార్డు కోసం పూటంతా ఫోన్లు చేయించేవారు. ఇంకో నియమం కూడా ఉండేది. "దిగినోల్నే లెక్కెట్టాల. టికెట్టు కొని రానోడు మన లెక్కలోకి రాడు."

ఇరవై ఏళ్ళు ఆ దీవుల లెక్క రాసి, ఒక్క దీవినీ చూడని మనిషాయన. రిటైరయ్యే వారం ఆఫీసువాళ్ళు అందులో ఒక దీవికి రానూపోనూ విమానం టికెట్టు ఇచ్చారు. ప్రయాణానికి ముందురోజే ఆయన కార్డు నింపుకుని, దేశం గడిలో 'మయన్మార్' అని రాసి, సిరా ఆరేదాకా ఊదారు. ఆయన పౌరసత్వ కాగితం మాత్రం ఏళ్ళ తరబడి పరిశీలనలోనే ఉంది. "దేశంలోపల పెయానమే కదే" అన్నారు. నేనూ తలూపాను. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నానికే సంచీతో ఆఫీసుకు తిరిగొచ్చి కూర్చున్నారు. విమానాశ్రయంలో కాగితాలు చూసేవాడు ఆపేశాడట.

"మీ తాతది ఏ ఊరన్నాడే. అహ్లోన్ అన్నాను. అంతకుముందో అన్నాడు. నాకేటి తెలుసు?"

జేబులోంచి కార్డు తీశారు. 'మయన్మార్' కొట్టేసి ఉంది.

"ఇతరుల్లో ఎయ్యి" అన్నారు.

ఆయన్ని ఆ అరలో వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. "మీరు దిగనేదు కదా బాబాయ్" అనేశాను.

ఆయన కార్డు నా బల్లమీద పెట్టారు. "అవును. పని బాగానే నేర్సుకున్నావు" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ చలికాలం దాటకుండానే పోయారు. కార్డు నా సొరుగులోనే ఉంది. ఈవేళ కట్టలోనూ దేశం రాయని కార్డొకటి వచ్చింది. హోటలుకు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను, ఆయన నేర్పినట్టే. కానీ ఆ రోజు ఆయన కార్డును అడిగినట్టే ఇతరుల్లో వేసేసి ఉండాల్సింది. ఒక్క అంకె తప్పు పడితే ఎవరి కొంపా మునిగేది కాదు.