అమలాపురం మేడమీద ఏరు దాటాను

ఉదయం ఎనిమిదింబావుకి మా లంక రేవులో తమ్ముడు సత్తిబాబు ఇంజను పడవ ఎక్కాను. రాజోలులో బస్సు అందుకోవాలంటే ముందు ఈ గోదారి పాయ దాటాలి. టీచరుగా, తర్వాత హెడ్మిస్ట్రెస్‌గా ముప్పై నాలుగేళ్ళు రోజుకి రెండుసార్లు దాటాను. ఒక్కసారీ చుక్కాని పట్టలేదు. "ఆడపిల్ల చుక్కాని పడితే ఏరు ఊరుకోదు" అనేవాడు మా నాన్న. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడైన సత్తిబాబుకి మాత్రం పన్నెండో ఏటే ఇచ్చి, పడవ నడిపే సరంగుని చేసేశాడు. ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు.

ఆ రోజూ చుక్కాని ఇమ్మని అడిగాను.

"నీకెందుకే అక్కా, చీర తడిసిపోద్ది. కూచో" అన్నాడు. కూచున్నాను, ఏం చేస్తాం!

తొమ్మిదింటి బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కనున్న పూలగంపావిడ "ఎందాకండీ?" అంది.

"వేరే లోకం చూడ్డానికి అమలాపురం వెళ్తున్నా."

"ఆయ్, కోర్టు పనాండీ?" అంది పాపం.

అసలు సంగతేమిటంటే, నాతో పనిచేసి రిటైరైన మేరీ గారి కూతురు బస్టాండు దగ్గర మేడమీద ఒక కొట్టు తెరిచింది. తలకి పెద్ద కళ్ళజోడు లాంటిది తగిలించి, చేతులకి చెరో పిడి ఇస్తారు. ఇంటర్నెట్లో ఉన్న లోకంలోకి వెళ్ళిపోతాం. అక్కడ ఎక్కడెక్కడి మనుషులో నచ్చిన వేషాలేసుకుని తిరుగుతుంటారు. "అందులో ఏరుందండీ, పడవుంది. ఎవరికి కావాలంటే వాళ్ళు చుక్కాని పట్టుకోవచ్చు" అని మేరీ గారు ఫోన్లో చెప్పారు. అంతే, ప్రయాణం ఖాయం చేసుకున్నాను.

పదీ ఇరవైకి దిగాను. వెళ్ళాలనుకునేవాళ్ళకొక మాట: కడుపునిండా తినకండి, కళ్ళు తిరుగుతాయి. నేను రెండిడ్లీలతో ఆపాను. మేరీ గారు పెసరట్టు ఉప్మా లాగించి, నేను రానంటూ కుర్చీలో కూలబడ్డారు. అరగంటకి టిక్కెట్టు రెండు వందలు.

పదీ యాభైకి కళ్ళజోడు పెట్టారు. ఓరి దేవుడా! ఎదురుగా ఏరు. గోదారంత కాదుగాని మా పాయకి పదింతలు. అవతల దీవి మీద దీపస్తంభం. రేవు నిండా జనం. ఒకాయనకి కుందేలు తల, ఒకామెకి రెక్కలు. అలవాటు చొప్పున చెప్పులు విడిచి, కుచ్చెళ్ళు ఎత్తిపట్టి పడవలోకి కాలేశాను. కాలు వెళ్ళి కొట్లో బల్లకి తగిలింది. మేరీ గారి నవ్వు ఎక్కణ్ణుంచో వినిపించింది.

కుందేలు తలాయన తెలుగువాడే, విజయనగరం. "పొద్దుట్నుంచి మూడుసార్లు ఎక్కేనండి. మూడుసార్లూ సముద్రంలోకి కొట్టుకుపోయి మళ్ళీ ఇక్కడే తేలేను. దీవి చేరితేనే ఆ దీపం వెలుగుతుందట" అన్నాడు. నా కళ్ళముందే ఇంకో పడవ బయల్దేరింది. దీపస్తంభానికి గురిపెట్టి తిన్నగా వెళ్ళి, ఏటి నడుమ వడికి కొట్టుకుపోయింది.

నేను వెంటనే ఎక్కలేదు. నీళ్ళమీద పూలు తేలిపోతున్నాయి, వాటిని చూస్తూ నిలబడ్డాను. నడుమ పరుగెడుతున్నాయి, గట్టువార కదలడం లేదు. నాన్న కూడా గుర్రపుడెక్క తేలే తీరు చూసే పడవ విప్పేవాడు. నాకెవరూ నేర్పలేదు. అన్నేళ్ళు పడవలో ఊరికే కూర్చున్నానా మరి!

"ఎక్కండి" అన్నాను. కుందేలాయన ఎక్కాడు, రెక్కలామె ఎక్కింది. చుక్కాని పట్టుకున్నాను. దీవికేసి కాకుండా గట్టువారనే ఎగువకి నడిపాను.

"మేడమ్ గారూ, దీపం అటుందండి!"

"తెలుసులే బాబూ, నోరు మూసుకుని కూర్చో." హెడ్మిస్ట్రెస్ గొంతు ఎక్కడికి పోతుంది?

దీవి బాగా వెనకపడ్డాక పడవ ముక్కు ఏటవాలుగా తిప్పాను. వడి లాగింది. పడవ అడ్డంగా జారుతుంటే పైప్రాణాలు పైనే పోయాయి. నాన్న మాటే నిజమవుతుందేమో అనిపించింది. చుక్కాని మాత్రం వదల్లేదు. జారుతూ జారుతూ సరిగ్గా దీవి రేవుకే వచ్చి ఆనింది. దీపం వెలిగింది. రెక్కలామె ఎగిరి గంతేసింది. నేను "ఏరు దారిచ్చింది!" అని కొట్టంతా అదిరేలా అరిచానట. ఏడ్చానని కూడా అంటారు మేరీ గారు, నిజమే.

ఒంటిగంటకి వాళ్ళింట్లో రొయ్యల ఇగురుతో భోంచేసి, రెండున్నర బస్సెక్కాను. ఆ లోకం నుంచి సంచిలో వేసుకు తెచ్చుకునేదేమీ ఉండదు. అరచేతుల్లో మాత్రం ఆ లాగుడు ఇంకా తెలుస్తూనే ఉంది.

నాలుగున్నరకి రాజోలు వైపు రేవు చేరాను. ఆటు మొదలై నీళ్ళు వడిగా దిగుతున్నాయి. నేనెప్పుడూ కూర్చునే బల్ల దాటి, వెనక సత్తిబాబు దగ్గరికెళ్ళాను.

"లేరా."

"అక్కా, ఇది ఆట కాదే."

"ముందు గట్టువారనే ఆ వెదురు గుంజదాకా ఎక్కాలి. అక్కణ్ణుంచి ఏటవాలుగా దింపాలి. తప్పైతే చెప్పు."

వాడు నోరెళ్ళబెట్టాడు. "ఎప్పుడు నేర్చేసుకున్నావే?"

"నువ్వు పుట్టకముందు."

లేచాడు. వెళ్ళి నా బల్ల మీద కూర్చున్నాడు. చీర మోకాళ్ళదాకా తడిసింది, తడవనీ! మా రేవు దగ్గరవుతుంటే "ఇంజను..." అనబోయి ఆగిపోయాడు. అప్పటికే తగ్గించేశాను. పడవ ముక్కు మట్టిలో మెత్తగా దిగింది.

"రేపెన్నింటికి తీస్తారండీ, సరంగు గారూ?" అన్నాడు సత్తిబాబు.

"ఎనిమిదింబావుకి" అన్నాను.