ల్యాబులో బోణీ

మా నాన్నకు సూరత్‌లోని గోడాదరాలో కిరాణా కొట్టు ఉండేది. మరమగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్లు చింతపండుకీ, ఎండుమిర్చికీ మా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను గల్లాపెట్టె పక్కన పెరిగాను. ధర విని మొహం చిట్లించడం, సంచీ సర్దుకుని వెనక్కి తిరగడం, వెనక నుంచి పిలుపు వినబడేదాకా నడుస్తూనే ఉండడం నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన విద్యలు. మా పెళ్లి మండపం వాడితో బేరమాడింది పెళ్లికూతురేనని మా అత్తమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. మెచ్చుకోలుగా కాదు.

ఇంత చదువూ డాక్టరమ్మ ముందు పనికిరాకుండా పోయింది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరని నన్ను ఆవిడ దగ్గరికి పంపారు. "పంపారు" అన్నదే సరైన మాట. కరోనా రోజులు. "పేషెంటు ఒక్కరే లోపలికి" అని ఆసుపత్రి గేటుకు కాగితం అంటించారు. సూరత్ మొత్తంలో ఆ కాగితం చూసి సంతోషించిన మనిషి మా ఆయనే అయ్యుండాలి. మాస్కు గడ్డం కిందికి లాగి, పొగాకు కలిపిన మావా నములుతూ బైకు మీద కూర్చునేవాడు. పేషెంటు నేనని ఆ కాగితమే తేల్చేసినట్టు.

లోపల నాకు రక్తపరీక్షలు, స్కానింగులు జరిగాయి. గర్భసంచి గొట్టాలు తెరిచి ఉన్నాయో లేదో చూడడానికి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. కడుపులో ఎవరో చెయ్యి పెట్టి పిండినట్టయింది. బయటికొస్తే మా ఆయన, "అయిపోయిందా? పోదామా?" అన్నాడు. ఆ మనిషికే, మార్కెట్ తెరిచేముందు దుకాణదారులందరితో పాటు కరోనా పరీక్ష చేశారు. ముక్కులో పుల్ల పెట్టిన ఆ ఘోరాన్ని రెండు రోజులు వీధి వీధంతా వినిపించాడు.

నా రిపోర్టులన్నీ బాగున్నాయి. ఇక మిగిలింది కడుపుకు చిన్న గాట్లు పెట్టి, లోపలికి కెమెరా పంపి చూడడమేనని డాక్టరమ్మ అంది. "కానీ మీ ఆయన పరీక్ష ఏది? మొదటి రోజే రాసిచ్చాను కదా. అది చూడకుండా నీ కడుపు కొయ్యడం నాకిష్టం లేదు. ఆయన చేయించుకోనంటే మాత్రం ఇదొక్కటే దారి."

లెక్క తేలిపోయింది. అతను ఒక డబ్బాలో శాంపిల్ ఇవ్వాలి, లేదా నేను ఆపరేషన్ బల్ల ఎక్కాలి.

ఇంట్లో మాట ఎత్తగానే అత్తమ్మ చేటలో బియ్యం అట్లాగే వదిలేసింది. "ఏందే పిల్లా, మొగోనికి పరీక్షలేంది? మా ఇంట్ల మొగోళ్లకు గసొంటివి లేవు. నువ్వు కషాయం సక్కగ తాగుతలేవ్, గదీ సంగతి." ఆ కషాయం నవాగామ్‌లో ఎవరో ఇచ్చిన వేర్ల పొడితో కాచేది. రోజూ పొద్దున నిండు గ్లాసు నా ముందు పెట్టేది. తాగితే నోరు మధ్యాహ్నం దాకా నాది కాదు.

మా ఆయన టీవీలోంచి తల తిప్పకుండా, "నాకేమైందే? మంచిగనే ఉన్న గద," అన్నాడు.

నేను సంచీ సర్దుకున్నాను. "సరే తియ్. ఆపరేషనే చేయించుకుంట. తర్వాత కొన్ని దినాలు బరువు ఎత్తొద్దంట, పొయ్యి కాడ నిలబడొద్దంట. పనిమనిషిని సొసైటీ గేటు దాటనిస్తలేరు. అత్తమ్మకేమో మోకాళ్లు. నువ్వు జర రొట్టెలు నేర్చుకో."

వెనక నుంచి పిలుపు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఏ ల్యాబు?" అన్నాడు. నా కడుపు మీద గాటుకు కరగని మనిషి రొట్టెలకు కరిగాడు. నాకు గిట్టుబాటే కాబట్టి ఎందుకు కరిగాడని అడగలేదు. పరీక్షకు ముందు కొన్ని రోజులు దూరంగా ఉండాలని డాక్టరమ్మ నియమం చెప్పింది. ఇంట్లో అలక నడుస్తోంది కనక అది దానంతటదే నెరవేరింది.

పర్వత్ పాటియాలోని ల్యాబుకు పొద్దున్నే, షట్టర్ లేస్తుండగా తీసుకెళ్లాను. ఊరికే కాదు. మా ఆయనది జాకెట్టు ముక్కల దుకాణం. పొద్దున మొదటి గిరాకీ ముక్కలన్నీ విప్పించి ఉత్త చేతులతో పోతే, ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు. బోణీ చెడగొట్టడం అతని దృష్టిలో దొంగతనం కన్నా పాపం.

ల్యాబు యజమాని గుజరాతీ పెద్దాయన. దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, అదే చేత్తో మాకు శానిటైజర్ పోశాడు. నేను డాక్టరు చీటీ ఇచ్చి సగం ధర అడిగాను.

"బేన్, ఇది చీర కాదు," అన్నాడు చెల్లెల్ని పిలిచినట్టు, సగం హిందీలో, సగం గుజరాతీలో. "సగం ధరకు సగం రిపోర్టు ఇవ్వనా?"

"పొద్దున్నే వచ్చాం కాకా. బోణీ మాది."

ఆయన పటం వైపు చూసి కొంత తగ్గించాడు. ఇంకొంచెం లాగాను, ఇంకొంచెం తగ్గాడు. డబ్బు అందుకుని కళ్లకద్దుకుని మూత వెడల్పుగా ఉన్న డబ్బా ఒకటి కౌంటర్ మీద పెట్టి, వెనక బాత్రూం చూపించాడు.

మా ఆయన డబ్బా చూశాడు. బాత్రూం తలుపు చూశాడు. మాస్కు పైన చెవులు ఎర్రబడ్డాయి.

"రేపొద్దాం పా," అన్నాడు నా చెవిలో.

"రేపు వచ్చుడేంది? బోణీ పైసలు కళ్లకద్దుకుండు గద. వాపస్ అడుగుతవా? అడుగు మరి."

పెద్దాయన మా వైపు నవ్వుతూ చూస్తున్నాడు. మా ఆయనకు తన కౌంటర్ ముందు ముక్కలు విప్పించి వెళ్లిపోయిన గిరాకీలంతా గుర్తొచ్చారేమో, డబ్బాను జేబురుమాలుతో కప్పుకుని లోపలికి నడిచాడు. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా అంత తల వంచలేదు.

రిపోర్టు చూశాక డాక్టరమ్మ ఫోనులో స్పీకరు పెట్టించి ఇద్దరికీ చెప్పింది. వీర్యకణాలు తక్కువ, ఉన్నవాటిలో కదలిక మందం. మందులు రాస్తాను, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం. మావా మానాలి. ఆపరేషన్ ఇప్పుడు వద్దు.

"రోజుకొకటి నమలొచ్చా మేడం?" అని అడిగాడు. అప్పుడు తెలిసింది, ఇంట్లో బేరమాడేది నేనొక్కదాన్నే కాదని.

ఫోను పెట్టేశాక గొంతు తగ్గించాడు. "అమ్మకు చెప్పకే. ఆపరేషన్ డాక్టరే వద్దన్నదని చెప్దాం. గంతే."

"ఇన్ని దినాలు నా సంగతి మీ చెల్లె దాకా చెప్పింది మీ అమ్మ. ఇది నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మదు."

 లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నాది గూడ జర చూడాల్నంట," అన్నాడు.

"గూడ" అట. నాలో ఏ లోపమూ లేదని మూడు రిపోర్టులు బీరువాలో ఉన్నాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంత పెద్ద మనిషి తల్లి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఆ "గూడ" ఒక్కదాని వరకు ధర తగ్గించి వదిలేశాను.

అత్తమ్మ గిన్నె కడిగే చప్పుడు కొంచెం పెరిగింది.

మర్నాడు పొద్దున రెండు గ్లాసులు తెచ్చింది. నా గ్లాసులో కషాయం అడుగున మాత్రమే ఉంది. కొడుకుది అంచు దాకా ఉంది. ఆమె అతని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది, తాగేదాకా లేచేది లేదన్నట్టు.

నా వంతు నేను బేరమాడకుండా తాగాను.