సినిమాలో మాయమైన మూట

నల్లగొండలో సినిమా చూసిన మర్నాడే కృష్ణానది ఒడ్డుకు బయలుదేరాను. అది మా కథే. మూడేళ్ల కింద కొల్లాపూర్ అవతలి రేవులో పుట్టి మునిగి ఆరుగురు పోయారు. బతికిన నలుగురిలో నేనొకణ్ణి. ఊరూరా తిరిగి చీరలమ్ముకునేవాణ్ణి. మద్రాసు వాళ్లు దాని మీద సినిమా తీశారంటే తప్పులు పట్టుకుందామని వెళ్లాను. తప్పులకేం కొదవ! వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టికి బదులు తెరచాప పడవ. తుమ్మలు తప్ప మొలవని ఒడ్డున వరసగా కొబ్బరిచెట్లు. బట్టల వ్యాపారి మూట నెత్తిన పెట్టుకుని పడవెక్కుతాడు, కూర్చునేసరికి మూట లేదు, మునిగేటప్పుడు మళ్లీ చంకలో ఉంది. "మూటేడ వోయిందిరా?" అని నేల టికెట్టు వాళ్లు ఈలలు వేశారు. నేనూ నవ్వబోయాను. అంతలో పడవవాడు సీసా ఎత్తి తాగి, తూలి, పడవను ముంచేశాడు. హాలంతా వాణ్ణి తిట్టింది.

పొద్దున ఆరింటికి నల్లగొండలో దేవరకొండ బస్సెక్కాను. టికెట్టు రూపాయిన్నర, ప్రయాణం రెండు గంటల పైనే. అక్కడ కల్వకుర్తి బస్సు నిండితే గాని కదలదు, ఓపిక ఉన్నవాళ్లే ఈ దారి పట్టాలి. చేతిలో మూట లేకుండా అటు వెళ్లడం అదే మొదటిసారి. ఇదివరకు మూటను చూసి ఎవరో ఒకరు "ఏం చీరలున్నయే?" అని పలకరించేవారు. ఆ రోజు పక్కన కూర్చున్నాయన కూడా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని రాళ్లగుట్టలు చూస్తూ కూర్చున్నాను. నా భార్య పోయి చాలా ఏళ్లయింది. మనసులో మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే, అది మూడేళ్లుగా నాకు సౌకర్యంగానే ఉంది.

కల్వకుర్తి చేరేసరికి పదకొండున్నర. బస్సులు ఆగే చోట ఉన్న చిన్న హోటల్లో జొన్నరొట్టె, పప్పు నలభై పైసలు, కడుపు నిండుతుంది. వంటాయన రొట్టె తడుతూ అడిగాడు.

"యాడికి వోతున్నవ్ పెద్దమనిషీ?"

"కొల్లాపూర్ అవతల, పుట్టి నడిపిన సాయన్న రేవుకు."

"ఆ తాగుబోతోని రేవా? సినిమల జూసిన. ఆర్గురి పానం దీసిండు గదా!"

"సాయన్న నీకు ఎర్కనా?"

"నాకెట్ల ఎర్కైతది? సినిమల జూపిచ్చిండ్రు గదా, అబద్దం జూపిస్తరా?"

రొట్టె సగం వదిలేసి లేచాను.

కొల్లాపూర్‌లో బస్సు దిగేసరికి మూడు. రేవు దాకా ఎద్దులబండికి అర్ధరూపాయి కిరాయి. నాకు బండి దొరక్క రెండు గంటలు నడిచాను. ఒడ్డున సాయన్న తమ్ముడి పుట్టి బోర్లించి ఉంది. సినిమా వచ్చిన నాటి నుంచి ఆ ఇంటి పుట్టి ఎవరూ ఎక్కడం లేదట, చుట్టు తిరిగి ఇంకో రేవుకు పోతున్నారట. సాయన్న తల్లి బుచ్చమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. నేను ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, ఈ రేవుల మనుషులు ముందు, మూటలు ఎన్క గదా. సాయన్న గదే చెప్పిండు, నేనే ఇనలేదు. ఎవడన్న ఎత్కపోతడని మూటతోనే ఎక్కిన. నడి ఏట్ల నీళ్లు జిమ్మితే చీరలు తడుస్తయని మూటెత్తుకొని లేసి నిలవడ్డ. పుట్టి ఒరిగింది. సాయన్న నన్ను ఒడ్డుకు జేర్చి, మిగిలినోళ్ల కోసం మళ్ల నీళ్లల్లకు వోయిండు. మళ్ల రాలే."

ఇంకా ఉంది. మర్నాడు పంచనామా రాస్తుంటే గుంపులో ఎవరో "తాగుంటడు" అన్నారు. నేను కాదనలేదు. ఆ కాగితం కింద సంతకం చేశాను. సినిమావాళ్లు కొబ్బరిచెట్లు సొంతంగా నాటుకున్నారు గాని, ఆ సీసా మాత్రం నేనిచ్చిందే. అది కూడా చెప్పాను.

బుచ్చమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏరు నిండుగున్నన్ని దినాలు నా కొడుకు కల్లు ముట్టడు. గది నాకెర్కే. ఎర్కున్నదానికి చెప్పనీకి గింత దూరమొచ్చినవా బిడ్డా? ఎర్కలేనోళ్లకు చెప్పు, పో."

చెంబుతో నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పంచనామా దిద్దమని కొల్లాపూర్‌లో అర్జీ ఇచ్చాను. కల్వకుర్తిలో దిగి ఆ వంటాయనకు జరిగిందంతా చెప్పాను. ఆయన రొట్టె తట్టడం ఆపి నన్ను తేరిపార చూశాడు. రెండో రొట్టె వడ్డించలేదు. బస్సులో మళ్లీ ఒక్కణ్ణే కూర్చున్నాను. ఇక మీదట ఈ దారిలో నన్ను పలకరించేవాళ్లు ఇంకా తగ్గుతారని తెలుసు. తెలిసే మీ అందరికీ ఇది రాస్తున్నాను. సినిమాలో మూట మాయమైందని ఈలలు వేసినవాళ్లారా, ఆ మూట నా చేతుల్లో ఉంది.

మీరు అటు వెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి. సాయన్న తమ్ముడి పుట్టే ఎక్కండి, కూర్చోమన్న చోటే కూర్చోండి, మూట ఒడ్డున వదిలేయండి. అది రెండో విడతలో వస్తుంది.