చుట్టం గద్ద కాలికి దారం

ఒక గద్ద బరువెంత ఉంటుంది? మహా అయితే ఓ మోస్తరు కోడిపుంజంత. నేను దాన్ని ఒక్కసారే చేతుల్లోకి తీసుకున్నాను, అదీ చచ్చాక. అప్పటినుంచీ దించుకోలేకపోయాను. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, కొలువు నుంచి దిగిపోయాను, మా ఆవిడ పోయింది. ఆమెకు కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఈ వయసులో ఈ కాళ్ళు మాత్రం ఎందుకు పనికొస్తున్నాయి కనుక?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. ఒక్క మాట. మధ్యలో అయ్యో అనకండి. అనవలసింది నన్ను చూసి కాదు.

అప్పటికి బస్తరు ఇంకా రాజుల సంస్థానం. భూపాలపట్నం దిగువన, ఇంద్రావతి గోదావరిలో కలవబోయే చోట, ఒక బెస్తల ఊరు. పేరు చెప్పను. నాకప్పుడే మీసాలు వస్తున్నాయి. భద్రాచలంలో ఒక ఫొటో దుకాణంలో పని నేర్చుకుని, జగదల్‌పూర్ అడవి కచేరీలో ఒక దొర పురమాయిస్తే, పాత పెట్టె కెమెరా, ఫొటో పడే గాజు పలకలు మోసుకుంటూ వచ్చాను. దొరకు పిట్టల పిచ్చి. చలి మొదలవగానే ఉత్తరాన్నుంచి వచ్చి, ఎండలు ముదరగానే వెళ్ళిపోయే చేపలగద్ద ఫొటో కావాలన్నాడు. రెక్కలు విప్పి ఉండాలి, కన్ను కనబడాలి. తెస్తే కొలువిప్పిస్తాను, తేకపోతే వచ్చిన దారినే పో అన్నాడు. ఇంటిదగ్గర అమ్మా, చెల్లెళ్ళూ నా మీదే ఆశ పెట్టుకుని ఉన్నారు. ఈ ముక్క సాకుగా చెప్పడం లేదు. చెబుతున్నానేమో కూడా.

ఆ ఊళ్ళో నాకు అన్నం పెట్టింది ముత్తమ్మ. మొగుడు ఏట్లో పోయాడు. ఆమెకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా మొదటిరోజే అల్లుడా అంది, నేను అత్తా అన్నాను. ఆమెకు కూతురు లేదు, కానీ నాకు అల్లుడి మర్యాదలకేం లోటు చేయలేదు. నోరు పెద్దది. నేను నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక వంగినప్పుడల్లా, "ఏందల్లుడా, ముసుగేసుకున్నవ్, నువ్వేమన్న కొత్త కోడలివా?" అని ఏరంతా వినబడేలా నవ్వేది. నన్ను అంత ప్రేమగా వెక్కిరించినవాళ్ళు మళ్ళీ దొరకలేదు.

ఆ ఊరివాళ్ళు ఆ చేపలగద్దను చుట్టం గద్ద అనేవాళ్ళు. తెల్లని తల, కంటిమీదుగా కాటుక దిద్దినట్టు నల్లని చార. చుట్టం వచ్చిందంటే ముందు దానికి పెట్టి తర్వాతే మనం తినాలి. ఏటి ఒడ్డున ఒక బండకు మధ్యలో గుంట ఉంది. దాంట్లో నీళ్ళు నింపి బతికున్న చేపను వదిలేవాళ్ళు. గద్ద దాన్ని తన్నుకుపోతే ఆ చేప ఎవరిదో ఆ ఇంటివాళ్ళే ఆ ఏడు మొదటి వల వేయాలి. ఏడాదికో ఇంటి వంతు. ఆ ఏడు ముత్తమ్మ ఇంటిది. మొగుడు లేనిదాని చేత్తో చుట్టానికి పెట్టడమేంటని పెద్దమనుషులు గొణిగారు. "నా ఇల్లు కూలిందా? నా వల చినిగిందా?" అని ఆమె రచ్చచేసింది. ఆమె తరఫున నేనూ వెళ్ళి మాట్లాడాను. వంతు వంతే కదా పెద్దయ్యా అన్నాను. సరేనన్నారు. ఎంత మంచి పిల్లాడని ఆడవాళ్ళందరూ అనుకున్నారు.

నిజం చెప్పనా? వేరే ఇంటి వంతయితే నన్ను బండ దరిదాపులకు రానివ్వరు. చుట్టం తినేటప్పుడు నోరు చూడకూడదని చేప వదలగానే ఊరంతా వెనుదిరిగి వెళ్ళిపోవాలి. నన్ను మాత్రం ముత్తమ్మ ఉండనిచ్చింది. నీ డబ్బాకున్నది ఒంటికన్ను, దాని దిష్టి తగలదులే అంది. నేను చేసిన మేలంతా ఆ ఒక్క మాట కోసమే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇంతకంటే ఏముంటుంది?

అప్పటిదాకా తీసిన పలకల్లో ఏముంది? మసక. గద్ద ఏటిమీదికి మెరుపులా వచ్చి, చేపను తన్నుకుని, పోయేది. నా కెమెరాకు అంత వేగం లేదు. అది ఒక్క క్షణం ఆగితే చాలు. ఆగితే చాలు అనుకుంటూనే ముత్తమ్మ చూరుకు వేలాడుతున్న పాత వలలోంచి ఒక దారం లాగాను. అడవిలో ఉండే దొర్లవాళ్ళు కౌజు పిట్టలకు ఉచ్చు వేయడం దారిలో చూశాను. అలాగే వేసి, చేపను వదిలి ఊరంతా వెళ్ళిపోయాక గుంటలో నీళ్ళ కింద పరిచి, రెండో కొస బండ పగులులో బిగించాను. ఫొటో తీయగానే కోసేస్తాను, ఎగిరిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. అలా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

వచ్చింది. కాళ్ళు ముందుకు చాచి గుంటలో దిగింది. ఉచ్చు బిగుసుకుంది. కొట్టుకుంది, కొట్టుకుంది, చివరికి అలసిపోయి రెక్కలు విప్పుకుని అలాగే నిలబడి నావైపు చూసింది. దొర అడిగినట్టే. రెక్కలూ ఉన్నాయి, కన్నూ ఉంది. తీశాను. అప్పుడు వెళ్ళి కోసి ఉంటే బతికేది. నేను వెళ్ళలేదు. మొదటిది సరిగ్గా రాలేదేమోనని ఇంకో పలక పెట్టాను. ఏళ్ళ తరబడి నేను తిరిగి వెళ్ళేది ఆ చోటికే. ఇంకో పలక ఎందుకు పెట్టావురా? ఆశ, అంతే.

నేను రెండో పలక బిగించేలోపు అది బండమీంచి అవతలికి దూకింది. కాలు పైన, తల ఏట్లో. నేను పరిగెత్తేసరికి అయిపోయింది. దారం కోసి, కాలి నుంచి ఉచ్చు విప్పి, తడిసిన ఆ బరువును ఎత్తి గుంట పక్కన పడుకోబెట్టాను. దారం జేబులో వేసుకున్నాను. గుంటలో చేప మాత్రం హాయిగా ఈదుతూనే ఉంది.

ఊరు వచ్చి చూసింది. చేప బతికే ఉంది, చుట్టం చచ్చి ఉంది. ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ముండమోపి చేతి చేపను చుట్టం ముట్టనైనా ముట్టలేదు, చూసే చచ్చింది అన్నారు. ఆమె వల నీళ్ళలో పడకూడదన్నారు. ఆమెను పడవ ఎక్కించుకోవద్దన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

నేను సామాను సర్దుకుంటుంటే ముత్తమ్మ వచ్చింది.

"అల్లుడా, నువ్వాడనే ఉన్నవ్ గద. ఏమైందో నువ్వే సూసుంటవ్. పెద్దమనుషుల ముంగట ఒక్క మాట చెప్పు."

"నల్లగుడ్డ కింద ఉన్నానత్తా. నాకేం కనబడలేదు."

"గుడ్డ కప్పుకునేదే మంచిగ కనబడనీకె అన్నవ్ గద?"

పెట్టె తాళ్ళు బిగించాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. ఆ తర్వాత చూరుకున్న వల వైపు చూసింది. దారం లాగిన చోటు తెలిసిందా? తెలిసే ఊరుకుందా? ఇప్పటికీ తేలలేదు.

"పోనీ తీ, బిడ్డా. సట్టిల జావ ఉంది. తాగి పో."

అల్లుడా అనలేదు. బిడ్డా అంది. నేను తాగాను కూడా.

ఆమె ఏరు దాటి నిజాం రాజ్యంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందని తర్వాత విన్నాను. వలను చూరుకే వదిలేసి పోయిందట. నేను ఏరు దాటలేదు. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళొచ్చనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు అనుకుంటూ ఉండగానే సంస్థానం పోయింది, నిజాం పోయాడు, ఆమె కూడా పోయే ఉంటుంది.

పలక మీద దారం స్పష్టంగా పడింది. గాజు మీద పెన్సిల్‌తో సన్నగా దిద్ది దాన్ని బండలో కలిపేశాను. దొర మెచ్చుకున్నాడు, కొలువిప్పించాడు. ఆ ఫొటో నా గోడ మీదా ఉండేది. వచ్చినవాళ్ళందరూ, అబ్బ, ఎగరబోతూ ఎంత ఠీవిగా నిలబడిందో అనేవాళ్ళు. నేను తలూపేవాణ్ణి. ఎగరలేక నిలబడిందని నాకు తెలుసు.

మొన్న ఆ పలక బయటికి తీశాను. స్పిరిట్‌లో ముంచిన దూదితో పెన్సిల్ గీతలు తుడిచేశాను. చేతులు పని మరిచిపోలేదు. ఆ పలకతో కొత్త ఫొటో అచ్చువేసి, పాతది దించి, అదే మేకుకు తగిలించాను. మా మనవరాలు కళ్ళు చికిలించుకుని చూసింది.

"తాతయ్యా, దాని కాలికి ఆ దారమేంటి?"

"ఉచ్చు. నేనే వేశాను."

"తర్వాత విప్పేశావు కదా?"

"విప్పాను," అన్నాను. "చచ్చాక."

అది మెల్లగా నా పక్కనుంచి జరిగింది. జరగనీ, అలాగే జరగాలి. నేనే, "కూర్చోమ్మా," అన్నాను. "ముత్తమ్మ అని ఒకామె ఉండేది."

ఆ పేరు నా ఇంట్లో పైకి పలకడం అదే మొదటిసారి.